గండికోట తుపాకీ

తన తండ్రి ఒక హంతకుడి తుపాకీని ఇంట్లో దాచిపెట్టాడా? ఈ అనుమానం త్రివిక్రమరావుకు పన్నెండో ఏట పట్టుకుంది. ఇప్పుడాయనకు అరవై మూడు. ఈలోగా పెళ్లయింది, పిల్లవాడు పుట్టి పెద్దవాడయ్యాడు, రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై నాలుగేళ్ల గుమాస్తాగిరీ ముగిసింది, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అనుమానం మాత్రం ఎక్కడా అరగలేదు.

అప్పట్లో వాళ్లది జమ్మలమడుగు. తండ్రి అక్కడ ఒక చిన్న రాములవారి గుడిలో అర్చకుడు. మడి, ఆచారం, వేళకు ఆరాధన తప్ప వేరే లోకం తెలియని మనిషి. ఇంట్లో సినిమా అన్న మాట వినపడితే విసుక్కునేవాడు. ఆ ఏడు వేసవి సెలవులకు త్రివిక్రమరావు తల్లితో కలిసి వేములలో అమ్మమ్మ ఇంటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఊళ్లో రెండే కబుర్లు. గండికోట లోయలో గుర్రాలతో, తుపాకులతో నెల రోజుల పాటు సినిమా తీశారన్నది ఒకటి. తొండూరు దారిలో ఒక మనిషిని కాల్చి చంపారని, చంపినవాడు ఈ వైపే పారిపోయి వచ్చాడని రెండోది. మొదటి కబురు ఆ ఇంటి గడప తొక్కలేదు. రెండోది తొక్కింది. ఎందుకంటే ఆ వారంలోనే ఒకరోజు తెల్లవారుతుండగా, ముఖానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకడు సైకిలు మీద వచ్చి, తండ్రి చేతిలో ఒక మూట పెట్టి, ఏదో గుసగుసగా చెప్పి వెళ్లిపోవడం పన్నెండేళ్ల త్రివిక్రమరావు కిటికీలోంచి చూశాడు.

తండ్రి ఆ మూట మీద ఇంకో ఎర్ర పట్టుగుడ్డ చుట్టి, రేకు పెట్టెలో పెట్టి అటకెక్కించాడు. ఎవరినీ తాకనివ్వలేదు. ఏడాదికోసారి విజయదశమి నాడు, కత్తిపీటకూ కొడవలికీ బొట్లు పెట్టాక, ఆ పెట్టె కిందికి దించేవాడు. మూట విప్పకుండానే దానికి కుంకుమ పెట్టి, ఒక తులసి దళం ఉంచి, చేతులు జోడించి, మళ్లీ పైన పెట్టేవాడు.

ఇరవయ్యో ఏట, తండ్రి గుడికి వెళ్లిన సమయం చూసుకుని త్రివిక్రమరావు ఆ మూట కొస విప్పాడు. నల్లటి గొట్టం. బరువుగా, చల్లగా ఉంది. దాని నోరు నేరుగా ఆయన వైపే చూస్తోంది. అంతే, మళ్లీ చుట్టేశాడు. విజయదశమి పూజ ఎందుకో అప్పుడు అర్థమైందనుకున్నాడు. ఆయుధం కనుక ఆయుధపూజ.

పోయేముందు తండ్రి ఆ పెట్టె గురించి ఒకే మాట చెప్పాడు.

"ఇచ్చినాయనే వచ్చి అడిగితే ఇయ్యి నాయనా. ఇంగెవురి చెయ్యీ దాని మీద పడనీయద్దు. నువ్వు గూడా విప్పద్దు."

అప్పటికే కొంత విప్పి చూశానని చెప్పే ధైర్యం కొడుక్కి లేకపోయింది. ఇచ్చినవాడెవరని అడిగే ధైర్యం అసలే లేదు. ఒక హంతకుడి పేరు తండ్రి నోట వినవలసి వస్తే, అదే నోట నేర్చుకున్న మంత్రాలన్నీ ఏమైపోవాలి?

కాపురం పులివెందులకు మారినప్పుడు పెట్టె కూడా వెంట వచ్చింది. ఈ ఇంట్లో అటక సరిగ్గా పూజగది పైనే. రోజూ పొద్దున ఆరాధన వేళ త్రివిక్రమరావు పిడి లేని పాత కంచు గంటను పురికొస కట్టి పట్టుకుని ఊపేవాడు. ఆ గంట పిడి కూడా ఆ వేసవిలోనే ఎక్కడో పోయింది. కొత్త గంట కొందామంటే తండ్రి ఒప్పుకోలేదు. తండ్రి వాడినది కదా అని కొడుకూ మార్చలేదు. గంట ఊపుతూ, కళ్లు మూసుకుని, రోజూ ఒకటే అడిగేవాడు.

"స్వామీ, మా నాయన మంచోడే కదా?"

తరువాత హారతి ఇచ్చి, గంట కింద పెట్టేవాడు.

ఈ ఎన్నికలప్పుడు ఆ ప్రశ్న అటక దిగి నడింట్లోకి వచ్చింది. లైసెన్సు తుపాకులున్నవాళ్లంతా స్టేషన్లో అప్పగించాలని చాటింపు వేశారు. నాలుగు రోజులకు పోలీసులు వెనక వీధిలో ఇల్లిల్లూ సోదా చేశారు. కాగితాలు లేని మోటారు సైకిళ్లు పట్టుకుపోయారు. అటకల మీది సామాను కూడా దింపించి చూశారట. తరువాతి వంతు తమ వీధిదేనని పాలాయన చెప్పిపోయాడు.

ఆ పూట త్రివిక్రమరావుకు అన్నం దిగలేదు. అప్పగిస్తే తండ్రికిచ్చిన మాట పోతుంది, తండ్రి పేరూ పోతుంది. ఉంచుకుంటే తాను జైలుకు పోతాడు. ఏ చెరువులోనైనా పారేద్దామంటే, పారేయడానికి అది తన సొత్తు కాదు.

మధ్యాహ్నం భార్య ఆండాళ్ వరండాలో కూర్చుని ఫోన్లో ప్రవచనం వింటోంది. అది అయిపోగానే దాని వెనకాలే ఇంకేదో వీడియో తనంతట తానే మొదలైంది.

"ఏమండీ, బిన్నా రాండి! మీ గండికోట చూపిస్తాండారు!"

త్రివిక్రమరావు మనసు బాగాలేక లేవలేదు. ఆమే ఫోను తెచ్చి ఆయన ముక్కు ముందు పెట్టింది.

తెరమీద ముప్పై ఐదేళ్ల మనిషి. పేరు సుధీర్ అట, ఊరు కలమల్ల, కరెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. పాత సినిమాల్లోని తుపాకులు ఎక్కడివో కనిపెట్టడం అతని సరదా. ఆ వేసవిలో గండికోటలో తీసిన గుర్రాల సినిమాను బొమ్మ బొమ్మకూ ఆపి చూపిస్తున్నాడు.

"ఈ పొడుగు తుపాకీ చూడండప్పా, ఇది కాలేజీ పిల్లోల్లు కవాతులో మోసే చెక్కది. పట్టీ మార్చినారు, అంతే. హీరో నడుముకుండేది మద్రాసులో సినిమా సామాన్లు బాడుగకిచ్చేవాళ్లది. పక్కన చిన్న సొట్ట ఉంది చూడండి, అదే సొట్టతో ఇంగా నాలుగు సినిమాల్లో కనపడినాది నాకు. ఇంగ విలన్ చేతిలోది. సినిమా సగం దాకా ఒకటి పట్టుకున్యాడు. లోయలో కొట్లాట కాడ్నించి ఇంగొకటి. ఈ రెండోది యాడిదో నాకు అంతు చిక్కలే. గొట్టం మీద ఉంగరాలు ఉంగరాలుగా గీతలు. ఇప్పుడు కెమెరా వైపు గురి పెడ్తాడు, నోట్లోకి చూడండి. నట్టు లోపల ఉన్నెట్ల మరలు! నిజం తుపాకీ నోరు ఇట్లుండదు. దీన్ని ఎవురు చేసినారో తెలిస్తే చెప్పండప్పా, మీకు పున్నెముంటుంది."

తెరమీద ఆ తుపాకీ నోరు నేరుగా త్రివిక్రమరావు వైపు చూసింది. ఇరవయ్యో ఏట చూసినట్టే.

"ఆండాళూ, రోంత నీళ్లియ్యి," అంటూ ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

నీళ్లు తాగి, భార్యకు ఉన్నదంతా చెప్పాడు. సైకిలు మీద వచ్చిన మనిషి, తొండూరు దారి హత్య, తండ్రి చివరి మాట, అన్నీ. ఆమెకు ఇన్నాళ్లూ తెలిసినది ఒకటే, అది మామగారు పూజ చేసిన మూట అని. పెళ్లయినప్పటి నుంచీ దానికి తులసి కోసి ఇచ్చినది ఆమే.

"ముప్పై ఏడేండ్లుగా నెత్తిన తుపాకీ పెట్టుకోని కాపురం చేస్తాండానా నేను?" అంది ఆండాళ్. "ఒక్క మాట చెప్తే మీ నోట్లోని ముత్యాలు రాలిపోతాయా?"

"చెప్తే నీగ్గూడా నిద్రుండదని..."

"ఇప్పుడు మాత్రం పడుతుందేమో! ఆ అబ్బికి ఫోన్ చేయండి ముందు."

వీడియో కింద నంబరుంది. త్రివిక్రమరావు గొంతు సవరించుకున్నాడు.

"నాయనా, నా స్నేహితుడొకాయన ఇంట్లో అట్లాంటి తుపాకీ ఉండాదంట. ఎవురికైనా చూపించొచ్చునా అని..."

"స్నేహితునిదా సార్, మీదా?"

త్రివిక్రమరావు జీవితంలో అబద్ధాలు తక్కువ. ఉన్నవీ ఇంత పొడవు సాగేవి కావు.

"మాదే నాయనా."

మరునాడు పొద్దున పది గంటలకల్లా సుధీర్ కలమల్ల నుంచి బస్సులో వచ్చేశాడు. మనిషి వీడియోలో కన్నా సన్నం. భుజాన సంచి, అందులో భూతద్దం, చిన్న అయస్కాంతం. ఆండాళ్ ఇచ్చిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి అటక వైపు చూస్తూ కూర్చున్నాడు. త్రివిక్రమరావు స్నానం చేసి, పెట్టె దించి, మూట ముందర పెట్టుకున్నాడు.

"నేను విప్పగూడదు, నువ్వు తాకగూడదు. మా నాయనకిచ్చిన మాట అది. కొస మాత్రం తొలిగిస్తా. అంతవరకూ ఎట్లయినా ఒగసారి తప్పు చేసిందే."

నల్లటి నోరు బయటికి వచ్చింది. సుధీర్ వేలు తగలకుండా దారానికి కట్టి అయస్కాంతాన్ని గొట్టం మీదికి జారవిడిచాడు. అది గొట్టానికి తగిలి, పట్టుకోకుండా జారి చాప మీద పడింది. మళ్లీ వేశాడు. మళ్లీ పడింది. పక్కనున్న కత్తిపీట మీద వేస్తే టక్కున అతుక్కుంది.

"ఇనుము కాదు సార్," అన్నాడు సుధీర్. "ఇత్తడి. పైన నల్లరంగు పూసినారు. ఈడ పెచ్చు లేసింది చూడండి, పచ్చగా అవపడ్తాంది. ఉంగరాల గీతలు, లోపల మరలు, అన్నీ సినిమాలో ఉన్నెట్లే. ఇది ఆ లోయ కొట్లాటలోదే. దీంట్లో తూటా పోదు. ఇది ఎవర్నీ చంపలే సార్, చంపేకి కాదు గూడా."

త్రివిక్రమరావు మూట కొస మళ్లీ కప్పాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి మళ్లీ తుడుచుకున్నాడు. ఆండాళ్ పూజగది వైపు తిరిగి నమస్కారం చేసి, "ఇప్పుడు తినండి అన్నం," అంది.

కానీ తినేటప్పుడు ఇంకో ముల్లు గుచ్చుకుంది. ఉత్త బొమ్మ తుపాకీ అయితే తండ్రి అంత భద్రంగా ఎందుకు దాచాడు? సినిమా అంటేనే గిట్టని మనిషికి సినిమా తుపాకీ ఎవరిచ్చారు? దొంగసొత్తా? బొమ్మకు ఇన్నేళ్లు పూజ చేయడం ఏమిటి?

ఆ మాటే అంటే సుధీర్ ఫోను తీశాడు.

"వీడియో కింద నిన్న మాపు ఒకామె రాసింది సార్. జువేరియా అని, ప్రొద్దుటూరు. 'ఆ పిస్తోలు చేసింది మా నాయన అలీ అహ్మద్' అని. నేను నమ్మలే. ఇప్పుడు అడుగుదాం."

అవతల జువేరియా మాట్లాడింది. ఫలానా జమ్మలమడుగు అర్చకుల ఇంట్లో ఆ తుపాకీ ఉందని సుధీర్ చెప్పగానే వెనక ఎవరో మంచం మీంచి లేచిన చప్పుడు, ఏదో వాదులాట, తరువాత ఒక ముసలి గొంతు.

"ఎవురు, రాములగుడి సామి కొడుకా? తుపాకీ మాట తర్వాత అప్పా. ఆ ఇంట్లో గంటుందా? అది అడుగు ముందు."

"గంటా?" అన్నాడు సుధీర్.

"గంటప్పా, పూజ గంట! ఉంటే దాన్ని గూడా తెమ్మను. మూట మాత్రం ఎవురూ విప్పద్దండి!"

తండ్రి చెప్పిన మాటే. త్రివిక్రమరావు చేయి కడుక్కుని లేచాడు.

మధ్యాహ్నం బస్సుకు ముగ్గురూ బయలుదేరారు. ఆండాళ్ ఒళ్లో పూజ సంచి, అందులో అడుగున మూట, పైన గంట. ముద్దనూరు దాటాక పోలీసులు బస్సాపారు. కానిస్టేబులొకడు ఎక్కి సంచులు చూస్తూ వచ్చి, ఎర్ర పట్టుగుడ్డ దగ్గర ఆగాడు.

"మూటలో ఏముంది సామీ?"

ఈ ప్రశ్నను త్రివిక్రమరావు యాభై ఏళ్లుగా ఎన్ని గొంతుల్లోనో ఊహించుకున్నాడు. జవాబు మాత్రం ఎప్పుడూ సిద్ధం చేసుకోలేదు.

"తుపాకీ," అన్నాడు.

ముందు సీటులో ఒకామె పిల్లను దగ్గరికి లాక్కుంది.

"సినిమాది నాయనా, సినిమాది! ఆయన మాట తీరే అంత!" అని ఆండాళ్ కేక పెట్టింది. సుధీర్ ఫోనూ అయస్కాంతమూ రెండూ ఒకేసారి తీశాడు. త్రివిక్రమరావు కొస తొలగించి చూపించాడు. కానిస్టేబులు భూతద్దం పెట్టి చూశాడు, వీడియో చూశాడు, అయస్కాంతం రెండుసార్లు జారవిడిచి చూశాడు. తరువాత నవ్వాడు.

"ఇరవై రెండేండ్ల సర్వీసు సామీ. సంచిలో తుపాకీ ఉందని తనంతట తాను చెప్పినోన్ని ఈ పొద్దే చూస్తాండా. పొండి, పొండి. ఆ సినిమా పేరు రోంత చెప్పి పొండి."

బస్సు కదిలింది. త్రివిక్రమరావుకు ఎందుకో చాలా ఆకలి వేసింది. ఆండాళ్ తెచ్చిన పెరుగన్నం జమ్మలమడుగు బస్టాండు వచ్చేలోగా మొత్తం తినేశాడు.

ప్రొద్దుటూరులో అలీ అహ్మద్ ఇంటి ముందు గది పాత లేతు మిషనుతో నిండిపోయి ఉంది. డెబ్భై మూడేళ్ల మనిషి, కళ్లద్దాలు దారంతో మెడకు కట్టుకుని గడపలోనే నిలబడి ఎదురుచూస్తున్నాడు. త్రివిక్రమరావు ముఖం కాసేపు చూశాడు.

"ముక్కు పెద్దసామిదే," అన్నాడు. "రా సామీ, కూర్చో. అమ్మా, నువ్వు ఆ కుర్చీలో. జువేరియా, మజ్జిగ తే."

మజ్జిగ వచ్చేదాకా ఆగే ఓపిక త్రివిక్రమరావుకు లేదు.

"అలీ అహ్మద్ భాయ్, సైకిలు మీద వచ్చింది నువ్వేనా?"

"నేనే. దుమ్ముకు ముఖం చుట్టుకున్యా. నువ్వు చూసినావా?"

"చూసినా. అప్పట్నించీ చూస్తానే ఉండా. ఒకటే అడుగుతా, దాపరికం లేకుండా చెప్పు. మా నాయన దీన్ని ఎందుకు దాచినాడు?"

ముసలాయన ఆశ్చర్యపోయాడు.

"మీ నాయన షూటింగు చూసేకి వస్తాండె. ఇంట్లో చెప్పలేదా?"

"మా నాయనా? సినిమాకా?"

"దినామూ సామీ! మధ్యానం గుడి మూసి, నెత్తిన తువ్వాలేసుకోని, లోయ అంచున ఒక బండ నీడలో కూర్చుంటాండె. గుర్రాలు దూకినప్పుడల్లా చిన్న పిల్లోని మాదిరి లేసి నిలబడ్తాండె. మీరంతా వేములలో ఉండారని ధైర్యం."

ఆండాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అలీ అహ్మద్ చెప్పుకుపోయాడు. విలన్ చేతి పిస్తోలు జారి లోయలో పెన్నలో పడింది. మద్రాసు నుంచి ఇంకోటి రావాలంటే నాలుగు రోజులు. పని ఆగిపోయి సినిమావాళ్లు గోల గోల. లేతు మిషను పని తెలిసినవాడని ఇరవై రెండేళ్ల అలీ అహ్మద్‌ను పిలిపించారు. చెక్క పిడి చేశాడు, తిరిగే చక్రం చేశాడు. గొట్టానికి సరిపడే ఇత్తడి మాత్రం దొరకలేదు.

"అప్పుడు మీ నాయన లేసినాడు. వాళ్ల జీపెక్కి ఇంటికి పోయి, పూజ గంట పిడి మరలు తిప్పి ఊడదీసుకోని వచ్చినాడు. కింద బోలుగా, లోపల మరలతో, అచ్చం పిస్తోలు నోరే. 'మూడు దినాల్లో తెచ్చియ్యాల అలీ, మావాళ్లు ఊర్నించి వచ్చేలోగా' అన్యాడు."

త్రివిక్రమరావు ఒళ్లోని గంట వైపు చూసుకున్నాడు. దాని నెత్తిన, పురికొస కింద, మరలున్న చిన్న మొలక. రోజూ చూసేదే.

"పిడి ఇంగో కొసన గరుత్మంతుడు ఉండాడు కదా," అన్నాడు అలీ అహ్మద్. "దాన్ని కోసెయ్యమన్యారు సినిమావాళ్లు. నాకు చెయ్యి రాలే. ఒగ సామి నమ్మి దేవుని ఇంట్లోది తెచ్చి చేతిలో పెడితే యాడ కోసేది? చెక్క రెండుగా చీల్చి, లోపల తొలిచి, గరుత్మంతుని అందులో పడుకోబెట్టి, మూసి బంకేసినా. బయటికి గొట్టం మాత్రం అవపడేట్ల."

త్రివిక్రమరావు మూట వైపు చూశాడు. ఎర్ర పట్టుగుడ్డ, కుంకుమ, తులసి దళం, చేతులు జోడించి నిలబడే తండ్రి. విజయదశమి నాడు ఆయన పూజ చేసింది ఆయుధానికి కాదు. లోపలున్న స్వామికి.

"షూటింగయినాంక పిస్తోలు వాళ్లు నాకే పారేసి పోయినారు. తెల్లార్తో తెచ్చి మీ ఇంట్లోనే ఊడదీస్తానంటి. మీ యమ్మ లేస్తాదని మీ నాయన ఒప్పుకోలే. 'వేరేవాళ్లు చెయ్యి పెడితే సామి రెక్కలు ఇరుగుతాయి, నువ్వే నిదానంగా వచ్చి తియ్యి' అన్యాడు. నేను వారం దినాలకే బొంబాయి పోతి, ఆన్నించి కువైట్. పదైదేండ్లకు వచ్చి చూస్తే మీ ఇంట్లో వేరేవాళ్లు. యాడికి పోయినారో తెలీదన్యారు. ఆ గంట ఎట్ల కొడ్తాండారో అని ఎన్నిసార్లు అనుకున్నెనో."

"పురికొసతో," అన్నాడు త్రివిక్రమరావు. ఆయనకు నవ్వు వస్తోంది. "పురికొసతో కొడ్తాండాం భాయ్."

"ఏమండీ," అంది ఆండాళ్, "మీ నాయన నెల దినాలు షూటింగు చూసినాడు. మీరు నన్ను ఒక్కటంటే ఒక్క సినిమాకు తీస్కపోయినారా?"

"ఈ సినిమాకే పోదాం పద."

"అది ఫోన్లోనే ఉంది సార్," అన్నాడు సుధీర్.

త్రివిక్రమరావు మూటను రెండు చేతులతో అలీ అహ్మద్‌కు అందించాడు. ఇచ్చినాయన తీసుకున్నాడు. పట్టుగుడ్డ విప్పి, మడిచి, మోకాలి మీద పెట్టుకున్నాడు. జువేరియా వేడినీళ్లు తెచ్చింది. చెక్క పిడి అతుకు మీద తడిగుడ్డ వేసి, పల్చటి ఉలితో ఇంత ఇంతగా వదులు చేస్తూ, మధ్యలో అద్దాలు తుడుచుకుంటూ, ముసలాయన చాలాసేపే తీసుకున్నాడు. చివరికి చెక్క రెండుగా విడింది. మధ్యలో, ఎండిన బంక ముక్కల్లో, చేతులు జోడించుకుని, రెండు రెక్కలూ చెక్కు చెదరకుండా గరుత్మంతుడు.

ఆండాళ్ లేచి నిలబడింది. త్రివిక్రమరావు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

చెక్క ముక్కలూ చక్రమూ సుధీర్ దాచుకుంటానని అడిగి తీసుకున్నాడు. అలీ అహ్మద్ గొట్టాన్ని చింతపండుతో రుద్దాడు. నల్లరంగు పోయి ఇత్తడి పచ్చగా బయటపడింది. కడిగి, తుడిచి, త్రివిక్రమరావు చేతిలోని గంటకు కట్టిన పురికొస విప్పి, మరలు మరల్లో కుదిర్చి తిప్పాడు. ఒక చుట్టు, రెండు, మూడు. బిగుసుకుంది.

రెండు చేతులతో గంట అందించాడు. త్రివిక్రమరావు గరుత్మంతుడి కింద పిడి పట్టుకుని ఒక్కసారి ఊపాడు. యాభై ఏళ్లుగా విన్న గంటే, కానీ ఇప్పుడు చేతిలో నిలిచి మోగింది.

అలీ అహ్మద్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"మూడు దినాల్లో తెచ్చిస్తానంటి పెద్దసామితో. రోంత ఆలీసమాయ."